మందు, మోతాదు, మాట

పాఠ్యభాగ పరిచయం: ద్వితీయ భాషగా తెలుగు చదివే విద్యార్థి కావ్యభాగాలను ఆస్వాదించడంతో పాటు, నిత్యజీవితానికి అవసరమైన విషయాన్ని తెలుగులో గ్రహించి ఇతరులకు సందేహం లేకుండా చెప్పగలగాలి. దీర్ఘకాలికమైన చర్మవ్యాధులతో, దురదతో బాధపడే వృద్ధులు మందులు వాడేటప్పుడు ఎదురయ్యే ప్రమాదాలు, వాటిని నివారించడంలో భాషకు గల పాత్ర ఈ వ్యాసంలోని విషయం.

దురదను చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. దురద, తీట, జిల అన్నవి దేశ్యపదాలు. కండూతి సంస్కృతం నుండి వచ్చి చేరింది. గజ్జి, చిడుము, తామర అన్నవి దురద పుట్టించే వ్యాధుల పేర్లు. పద్మానికీ, చర్మం మీద వలయాకారంగా వ్యాపించే రోగానికీ మనవారు తామర అన్న ఒకే పేరు పెట్టుకొన్నారు. కవులు మొదటిదానినే పట్టించుకొన్నారు. బాధపడినవారికి రెండవది బాగా తెలుసు. పల్లెల్లో పెద్దలు ఈ పేర్లలోని భేదమెరిగి మాట్లాడేవారు. నేడు వీటన్నింటి స్థానంలో 'ఎలర్జీ' అన్న ఒక్కమాట వచ్చి కూర్చొన్నది. మాట ఒక్కటైనప్పుడు మందు కూడా ఒక్కటేనన్న భ్రమ కలుగుతుంది. మందుల దుకాణానికి వెళ్ళి "ఎలర్జీ మాత్ర ఇవ్వండి" అని అడిగే వృద్ధునికి తన దురద గజ్జి పురుగు వల్ల పుట్టినదో, తామర అనే శిలీంధ్రం వల్ల వచ్చినదో, సోరియాసిస్ వల్లనో, మూత్రపిండాల బలహీనత వల్లనో తెలియదు. అమ్మే యువకునికీ తెలియదు. ఇద్దరి నడుమ ఒక మాత్రల అట్ట మాత్రం చేతులు మారుతుంది.

విశాఖపట్నం శ్రమజీవుల నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి ప్రాంతాల వారు బతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడుతూనే ఉన్నారు. 1966లో సాగిన మహోద్యమం ఫలితంగా సాధించుకొన్న ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. నిర్మాణకాలంలో, అంటే 1980లలో, ఉద్యోగంలో చేరిన యువకులు నేడు అరవై దాటిన పెద్దలు. గాజువాక, కూర్మన్నపాలెం పరిసరాలలో సాయంకాలం అరుగుల మీద కూర్చొనే విశ్రాంత కార్మికులను పలకరించండి. రక్తపోటు మాత్ర, మధుమేహం మాత్ర, ఏదో ఒక చర్మపు లేపనం లేని ఇల్లు అరుదని తెలుస్తుంది. కర్మాగారమే దురదకు కారణమని నా అభిప్రాయం కాదు. వయసు పైబడిన కొద్దీ చర్మంలోని తైలగ్రంథులు మందగించి, చర్మం పొడిబారి, దురద పుట్టడం లోకమంతటా ఉన్నదే. దానికి సముద్రతీరపు ఉక్కపోత, చెమట తోడవుతాయి. ఏళ్ళ తరబడి తడి సిమెంటుతో పనిచేసినవారికి అందులోని క్రోమియం లవణాల వల్ల చేతులు చిట్లి దురద పెట్టడం కూడా వైద్యులకు చిరపరిచితమైన విషయమే.

ఈ నగరంలో వైద్యానికీ ఘనమైన చరిత్ర ఉన్నది. ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి రెండూ 1923లో మొదలైనవి. నగరానికి చేరువలోని పరవాడ వద్ద ఫార్మా సిటీలో మందులు తయారవుతున్నాయి. ఔషధోత్పత్తి ఒక విద్య. ఔషధాన్ని సరిగా వాడడం మరొక విద్య. మొదటిదానికి కర్మాగారాలు చాలు. రెండవదానికి ఇంట్లో చదువుకొన్న మనిషి ఒకరు ఉండాలి. ఈ పాఠం చదువుతున్న మీరు ఆ మనిషి కాగలరన్న నమ్మకంతోనే ఈ విషయాన్ని ఎంచుకొన్నాను.

ముందుగా వృద్ధుల శరీరానికీ, మందుకూ గల సంబంధాన్ని తెలుసుకోవాలి. మనం మింగిన మందు తన పని తాను చేసి బయటికి పోవాలంటే కాలేయమో, మూత్రపిండాలో దానిని సాగనంపాలి. వయసుతో పాటు మూత్రపిండాల శక్తి తగ్గుతుంది. అందుచేత యువకుని శరీరం నుండి కొన్ని గంటలలో వెళ్ళిపోయే మందు వృద్ధుని శరీరంలో మరికొంత సేపు నిలిచి ఉంటుంది. మరునాటి మోతాదు దానిపై చేరుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. మూత్రపిండాల పనితీరును అంచనా కట్టడానికి రక్తంలో క్రియాటినిన్ అనే పదార్థాన్ని కొలుస్తారు. అది కండరాల నుండి పుడుతుంది. వృద్ధుల కండరాలు క్షీణించి ఉంటాయి కనుక క్రియాటినిన్ తక్కువగానే పుడుతుంది. పరీక్ష కాగితం మీద అంకె సరిగానే కనిపిస్తుంది. మూత్రపిండాలు మాత్రం సగం శక్తితోనే పనిచేస్తూ ఉండవచ్చు. అందుకే వైద్యులు వయసును, బరువును కూడా కలిపి లెక్క కడతారు. కాగితం చూసి "అంతా బాగుంది" అని మనకు మనమే తీర్మానించుకోరాదు.

ఉత్తరాంధ్రకు ఈ మూత్రపిండాల మాట మరింత ముఖ్యం. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్ని, కారణం ఇదమిత్థమని తేలని మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తున్నది. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల నుండి రోగులు చికిత్స కోసం విశాఖకు ప్రయాణం చేస్తూ వచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆసుపత్రి ఒకటి ప్రారంభమైంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి చర్మం మీద ఏ మచ్చా లేకుండానే ఒళ్ళంతా విపరీతమైన దురద కలుగుతుంది. అటువంటి వ్యక్తి చర్మపు దురద అనుకొని దుకాణంలో మాత్రలు కొని మింగితే, రోగం కనబడకుండా పోవడమే కాక, ఆ మాత్రను బయటికి పంపవలసిన భారం కూడా ఆ బలహీనమైన మూత్రపిండాల మీదనే పడుతుంది. దురద మాత్రలలో అందరికీ తెలిసిన సెట్రిజిన్ ఎక్కువగా మూత్రం ద్వారానే వెళుతుంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి వైద్యులు దాని మోతాదును తగ్గిస్తారు.

దురద మాత్రలలో పాతతరం, కొత్తతరం అని రెండు రకాలున్నాయి. ఫెనిరమైన్, క్లోర్‌ఫెనిరమైన్, హైడ్రాక్సిజైన్ వంటివి పాతతరానివి. ఇవి దురదతో పాటు మెదడును కూడా నిద్రపుచ్చుతాయి. "దురద తగ్గింది, హాయిగా నిద్ర పట్టింది" అని పెద్దలు సంతోషిస్తారు. ఆ నిద్ర ఖరీదైనది. అర్ధరాత్రి మూత్రానికి లేచినప్పుడు కాళ్ళు తూలి, స్నానాల గదిలో పడి, తుంటి ఎముక విరిగినవారు మీకు తెలిసినవారిలోనే ఉండవచ్చు. పడిపోవడాన్ని గచ్చు మీదికి నెట్టివేస్తాం, వయసు మీదికి నెట్టివేస్తాం. రాత్రి వేసుకొన్న మాత్రను ఎవ్వరూ అనుమానించరు. ఈ మందుల వల్ల నోరు ఎండిపోతుంది, మలబద్ధకం కలుగుతుంది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పురుషులకు మూత్రం పూర్తిగా నిలిచిపోవచ్చు. కొందరు వృద్ధులు ఉన్నట్టుండి తికమకపడి, మనుషులను గుర్తుపట్టలేని స్థితికి కూడా వెళతారు. మతిమరుపు రోగం వచ్చిందని ఇంటివారు బెంగపడతారు.

మార్క్ బీర్స్ అనే అమెరికా వైద్యుడు 1991లో, వృద్ధులకు సాధ్యమైనంత వరకు ఇవ్వకూడని మందుల పట్టికను తన సహచరులతో కలిసి రూపొందించారు. అమెరికా వృద్ధవైద్య సంఘం 2023లో సవరించిన పట్టికలోనూ పాతతరం దురద మాత్రలు ఆ జాబితాలో ఉన్నాయి. హైడ్రాక్సిజైన్ గుండె లయను దెబ్బతీసే అవకాశం ఉన్నందున, దానిని వృద్ధులకు ఇవ్వకపోవడమే మేలని, తప్పనిసరి అయితే రోజుకు 50 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా ఔషధ సంస్థ 2015లో సూచించింది. కొత్తతరం మాత్రలు వీటి కన్నా మేలైనవే. అయినా వాటికీ నియమాలున్నాయి. ఫెక్సోఫెనడిన్ అనే మాత్రను పళ్ళరసంతో మింగితే శరీరానికి అందే మందు తగ్గిపోతుంది. మంచినీళ్ళతోనే మింగాలి. జలుబు మాత్రలలో కూడా ఈ దురద మందులే కలిసి ఉంటాయన్న సంగతి చాలామందికి తెలియదు. దురదకొకటి, జలుబుకొకటి వేసుకొన్న పెద్దాయన నిజానికి ఒకే జాతి మందును రెండు పేర్లతో మింగినట్లవుతుంది.

మందు దురదను పోగొట్టడమే కాదు, పుట్టించగలదు కూడా. రక్తపోటుకు వాడే కొన్ని రకాల మాత్రల వల్ల వృద్ధులలో ఎగ్జిమా వంటి దద్దుర్లు రావడాన్ని వైద్యులు గమనించారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల వల్ల సోరియాసిస్ ముదరవచ్చు. ఒక మందు వల్ల దురద పుడితే, ఆ దురదకు మరొక మందు, ఆ మందు వల్ల మలబద్ధకం కలిగితే దానికి ఇంకొకటి. ఇలా గొలుసుకట్టుగా మాత్రల సంఖ్య పెరిగిపోతుంది. మొదటి కడియం ఎక్కడ ఉన్నదో ఎవరూ వెనుదిరిగి చూడరు. కొత్తగా దురద మొదలైనప్పుడు "ఇటీవల ఏ మందు కొత్తగా చేరింది?" అన్న ప్రశ్న వైద్యుని ముందు వేయవలసిన మొదటి ప్రశ్న. అలాగని రక్తపోటు మాత్రను సొంతంగా మానివేయడం పెద్ద పొరపాటు. అడగడం మన పని, మార్చడం వైద్యుని పని.

లేపనాల కథ వేరు. స్టిరాయిడ్ లేపనం రాసిన రెండు రోజులకే దురద చల్లారుతుంది. ఆ చల్లదనమే దానికి ప్రచారకర్త. ఇరుగుపొరుగులకు, బంధువులకు ఆ గొట్టం పేరు నోటిమాటగా చేరిపోతుంది. తామర మీద స్టిరాయిడ్ రాస్తే పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల శిలీంధ్రం విస్తరిస్తుంది. మందులకు సులువుగా లొంగని ఒక కొత్తరకం తామర శిలీంధ్రానికి 2020లో శాస్త్రజ్ఞులు పెట్టిన ఇండోటినియే అన్న పేరులో మన దేశం పేరు ధ్వనిస్తుంది. అది గర్వించదగిన కీర్తి కాదు. వృద్ధుల చర్మం సహజంగానే పలుచన. దానికి నెలల తరబడి స్టిరాయిడ్ తోడైతే, కాగితం వలె చినిగే స్థితికి వస్తుంది. మన దేశంలో 2018లో 14 రకాల స్టిరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో చేర్చారు. చట్టం ఉన్నది; అయినా చీటీ అడగకుండా గొట్టం చేతికి ఇచ్చే దుకాణాలకు కొరత లేదు. స్టిరాయిడ్ మాత్రల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. పేరు, చిరునామా లేని పొడులను "మూలికా మందు" అని అమ్మేచోట రెండు రోజులలోనే అద్భుతంగా గుణం కనిపిస్తే, అందులో స్టిరాయిడ్ కలిసి ఉండవచ్చునని అనుమానించాలి. అది మధుమేహాన్ని పెంచుతుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. హఠాత్తుగా మానివేస్తే సోరియాసిస్ ఒళ్ళంతా భగ్గుమంటుంది. చాలాకాలం వాడిన తరువాత ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు రావచ్చు.

ఇక ఈ పాఠంలో అన్నింటికన్నా ముఖ్యమైన మందు దగ్గరికి వద్దాం. దాని చరిత్రలో ఒక తెలుగువాడు ఉన్నాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆయన సోదరులను స్ప్రూ అనే జీర్ణవ్యాధి బలిగొన్నది. మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, తరువాత అమెరికా చేరుకొన్నారు. హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తకణాలు పుట్టడానికి ఈ విటమిన్ అత్యవసరం. సోదరులను చంపిన స్ప్రూ వ్యాధికి కూడా అది ఔషధమైంది. అంతటితో ఆగక, అదే బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకొనే పదార్థాలను కూడా సృష్టించింది. అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అలా పుట్టినవే. సుబ్బారావు పంపిన అమినాప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించిన వార్త 1948లో వెలువడింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. విటమిన్‌ను, దాని ప్రతిద్వంద్వినీ ఒకే ప్రయోగశాల నుండి లోకానికి అందించిన అరుదైన ఘనత ఆయన బృందానిది.

సోరియాసిస్‌తో ఈ మందుకు సంబంధం 1951లో బయటపడింది. కీళ్ళవాతానికి అమినాప్టెరిన్ ఇచ్చి చూస్తున్న అమెరికా వైద్యులకు, సోరియాసిస్ కూడా ఉన్న రోగి చర్మం శుభ్రపడడం కనిపించింది. తరువాత దాని స్థానాన్ని మెథోట్రెక్సేట్ ఆక్రమించింది. అది నేటికీ ఆ వ్యాధికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. సాధారణంగా చర్మపు పైపొర మారడానికి నెల రోజులు పడుతుంది. సోరియాసిస్ ఉన్నచోట నాలుగైదు రోజులలోనే కణాలు పుట్టి పైకి వచ్చి, పొలుసులుగా రాలిపోతాయి. కణాల ఈ తొందరను మెథోట్రెక్సేట్ అదుపు చేస్తుంది. అయితే శరీరంలో తొందరగా పుట్టే కణాలు మరికొన్ని ఉన్నాయి. ఎముకల మూలుగలోని రక్తకణాలు, నోటిలోని పలుచని పొర అటువంటివి. వాటికి కోలుకొనే వ్యవధి ఇవ్వాలి. అందుకే ఈ మందును వారంలో ఒక్క రోజు మాత్రమే తీసుకోవాలి. మిగిలిన ఆరు రోజులు విరామం. ఆ విరామంలో వైద్యుడు చెప్పిన రోజున ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకొంటారు. సుబ్బారావు బృందం తయారుచేసిన రెండు పదార్థాలూ ఇలా ఒకే రోగి మందుల పెట్టెలో కలుసుకొంటాయి.

ఈ మందును పొరపాటున రోజూ మింగితే, మోతాదు చిన్నదైనా, మూలుగ ఎండిపోవచ్చు. తెల్లరక్తకణాలు, రక్తఫలకికలు తగ్గి మరణం సంభవించవచ్చు. మిగిలిన మాత్రలన్నీ రోజూ వేసుకొనే వృద్ధునికి ఈ ఒక్కటి మాత్రం వేరుగా గుర్తుంచుకోవడం కష్టం. ఇటువంటి పొరపాట్ల వల్ల మరణాలు వివిధ దేశాలలో సంభవించాయి. వాటిని అరికట్టడానికి ఐరోపా ఔషధ సంస్థ 2019లో కొత్త నియమాలు సూచించింది. ఔషధాల వల్ల కలిగే హానిని తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఒక ప్రపంచవ్యాప్త కార్యక్రమాన్నే చేపట్టింది. మన దేశంలో మరొక చిక్కు ఉన్నది. ఫోలిట్రాక్స్ అన్నది మెథోట్రెక్సేట్‌కు ఒక వ్యాపారనామం. ఫోల్‌విట్ అన్నది ఫోలిక్ ఆమ్లానికి వ్యాపారనామం. చెవికి రెండూ అన్నదమ్ముల వలె వినిపిస్తాయి. గుణంలో మాత్రం ఒకటి నిప్పు, మరొకటి నీరు. పేరులోని మొదటి అక్షరాలు చూసి చేయి చాచకూడదు.

ఈ మందు వికటించినప్పుడు కనిపించే తొలి సూచన చాలా సందర్భాలలో నోటిపూత. ఇక్కడే మన ఇళ్ళలోని ఒక నమ్మకం ప్రమాదకరంగా అడ్డు తగులుతుంది. నోరు పూయగానే "వేడి చేసింది" అంటాం. మజ్జిగ తాగమంటాం, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తాం, బి-కాంప్లెక్స్ మాత్ర తెచ్చిపెడతాం. మామూలు రోజులలో ఆ ఉపచారంలో దోషం లేదు. మెథోట్రెక్సేట్ వాడే మనిషికి నోరు పూసినప్పుడు మజ్జిగతో గడిపే రెండు రోజులు ప్రాణాంతకం కావచ్చు. నోటిపూత, జ్వరం, ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు, ఆయాసం, పొడిదగ్గు, వీటిలో ఏది కనిపించినా మందు ఆపి, అదే రోజున ఆసుపత్రికి వెళ్ళాలి. అట్టలో ఎన్ని మాత్రలు ఖర్చయినవో చెప్పాలి. దీనికి ఫోలినిక్ ఆమ్లం అనే విరుగుడు ఉన్నది. ఆలస్యమైన కొద్దీ దాని ఫలితం తగ్గిపోతుంది. మూత్రంలో మంటకు వాడే కోట్రైమాక్సజోల్ అనే మందును మెథోట్రెక్సేట్‌తో కలిపితే ఇదే ఉపద్రవం సంభవిస్తుంది. మోకాళ్ళ నొప్పికి దుకాణంలో కొనుక్కొనే నొప్పి మాత్రలు మూత్రపిండాల మీద పనిచేసి, మెథోట్రెక్సేట్‌ను శరీరంలోనే నిలిపివేయవచ్చు. మద్యం సేవించేవారికి కాలేయం దెబ్బతినే ప్రమాదం అధికం. కాలక్రమాన రక్తపరీక్షలు చేయించుకోకుండా పాత చీటీతో ఏళ్ళ తరబడి ఈ మందు కొనడం ఎంత మాత్రం తగదు.

ఇంతవరకు చెప్పినది వైద్యులు చెప్పే విషయం. నేను సాహిత్యం చదువుకొన్నవాడిని. నాకు తోచిన మాట ఒకటి ఇక్కడ చేర్చవలసి ఉన్నది. తెలుగులో వారం అన్న పదానికి రెండు అర్థాలున్నాయి. ఏడు రోజుల కాలం ఒకటి. "ఈ రోజు ఏ వారం?" అన్నప్పుడు ఒక్క దినం మరొకటి. "వారం రోజులు వేసుకో" అంటే రోజుకొకటి చొప్పున ఏడు రోజులు. "వారానికి మందు ఇచ్చారు" అంటే ఏడు రోజులకు సరిపడా ఇచ్చారని మన వ్యవహారం. ఇక "వారానికి వేసుకోండి" అంటే వినేవారు ఏమని అర్థం చేసుకోవాలి? "వారానికి మూడు మాత్రలు" అంటే మూడూ ఒకే రోజునా, మూడు వేరువేరు రోజులలోనా? కి, కు అన్నవి షష్ఠీవిభక్తి ప్రత్యయాలని వ్యాకరణంలో వల్లె వేశారు. ఆ చిన్న ప్రత్యయం మీద ఒక నిండు ప్రాణం ఆధారపడే సందర్భం ఉంటుందని ఊహించి ఉండరు. ఆంగ్లంలోనూ ఇటువంటి చిక్కు లేకపోలేదు. సోమవారాన్ని సూచించే 'మన్' అన్న పొడి అక్షరాలను ఉదయాన్ని సూచించే 'మార్నింగ్'గా పొరబడే అవకాశం ఉన్నందున, మెథోట్రెక్సేట్‌కు సోమవారం కాక వేరొక రోజు ఎంచుకోవడం మేలని ఔషధ భద్రతా నిపుణులు సలహా ఇచ్చారు. తెలుగులో బుధవారం అని పూర్తిగా రాస్తే ఏ ఉదయమూ దానితో కలవదు.

మందు అన్న మాట కూడా విచిత్రమైనదే. జబ్బు తగ్గించేది మందు, పురుగులను చంపేది మందు, తుపాకిలో కూరేది మందు, మత్తెక్కించేదీ మందే. ఒకే పదార్థం ప్రాణం పోయగలదు, తీయగలదు అన్న ఎరుక భాషలోనే ఉన్నది. తెలియక వాడిన ఔషధం శస్త్రం వలె అపాయకరమన్న సంగతి చరకుని కాలానికే తెలుసు. ఆ ఆయుర్వేద గ్రంథాలు 18 రకాల చర్మవ్యాధులను కుష్ఠం అన్న ఒకే పేరు కింద చేర్చాయి. తరువాతి కాలంలో ఆ మాట ఒక్క వ్యాధికే పరిమితమైంది. ఐరోపాలో కూడా చాలాకాలం సోరియాసిస్‌ను కుష్ఠుతో కలిపి చూశారు. ఆ రెండూ వేరని వియన్నా వైద్యుడు హెబ్రా 1841లో స్పష్టం చేశాడు. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. అయినా మన వీధులలో ఆ వ్యాధి ఉన్న పెద్దాయన తాగిన గ్లాసును పక్కన పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. సిగ్గుతో వైద్యుని దగ్గరికి వెళ్ళక, రహస్యంగా మందులు కొని వాడడానికి ఈ వెలివేత ఒక కారణం.

వృద్ధులకు అందే చీటీ ఆంగ్లంలో ఉంటుంది. మందుల పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని భారత వైద్య మండలి 2016లో నియమం తెచ్చింది. స్పష్టంగా ఉన్నా ఆంగ్లం ఆంగ్లమే. ఉక్కు కొలిమి వద్ద ముప్పై ఏళ్ళు నిలబడిన మనిషికి ఆ అక్షరాలు అక్కరకు రాకపోవచ్చు. ఆ చీటీని తెలుగులో తిరగరాసి ఇవ్వడం ఇంటర్మీడియట్ విద్యార్థికి చేతనైన పని. ప్రతి మందుకూ నాలుగు సంగతులు రాయాలి: మందు అసలు పేరు, ఎందుకు వాడుతున్నారో ఆ కారణం, ఏ రోజు ఏ పూట, ఎన్ని మాత్రలు. సందేహం ఉన్నచోట ఊహించి రాయవద్దు. వైద్యునో, అర్హత గల ఫార్మసిస్టునో అడిగి రాయాలి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు చీటీ ఒక్కటే కాక ఇంట్లో ఉన్న మాత్రలు, లేపనాలు, పొడులు, కషాయాలు అన్నీ ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళాలి. చర్మవైద్యునికి గుండె మాత్రల సంగతి, గుండె వైద్యునికి చర్మపు మాత్రల సంగతి మనం చెప్పకపోతే తెలియదు. మందు వికటించినప్పుడు ఎవరైనా తెలియజేయడానికి 2010లో మొదలైన జాతీయ ఔషధ నిఘా కార్యక్రమం ఉచిత ఫోన్ సంఖ్య 1800-180-3024 ఏర్పాటు చేసింది. ఆ ఫోన్ సమాచారం కోసమే. ప్రాణాపాయం ఉంటే వెళ్ళవలసింది ఆసుపత్రికే.

దురదకు మందు కాని మందులు కొన్ని ఉన్నాయి. గోరువెచ్చని నీటితో స్వల్పస్నానం, ఘాటైన సబ్బు మానడం, తడి ఆరకముందే కొబ్బరినూనెనో, వాజెలిన్ వంటి లేపనాన్నో రాయడం వల్ల పొడిబారిన చర్మపు దురద ఎంతో తగ్గుతుంది. ఇందులోనూ ఒక జాగ్రత్త ఉన్నది. ఇటువంటి లేపనాలు ఇంకిన బట్టలకు నిప్పు తగిలితే మామూలు బట్టల కన్నా వేగంగా అంటుకొంటాయని బ్రిటన్ ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. ఒళ్ళంతా లేపనం రాసుకొని, అదే పంచెతో, అదే చీరతో దీపారాధనకు కూర్చొనే పెద్దలు, చుట్ట వెలిగించే తాతలు మన ఇళ్ళలో ఉన్నారు. బట్ట మార్చుకొన్న తరువాతనే అగ్గిపుల్ల గీయాలి.

తెలుగులో తిరగరాసిన చీటీ ఎలా ఉండాలో ఒక నమూనా చూడండి. మాత్రల సంఖ్యను వైద్యుని అడిగి నింపాలి.

"మెథోట్రెక్సేట్. సోరియాసిస్ కోసం. బుధవారం మాత్రమే, రాత్రి భోజనం తరువాత. ఆ ఒక్కసారికి మాత్రల సంఖ్య: ..... గురువారం నుండి మంగళవారం వరకు ఈ మందు వేసుకోకూడదు. ఒక బుధవారం మరచిపోతే వైద్యుని అడగాలి. రెండు వారాల మాత్రలు కలిపి వేసుకోకూడదు. నోరు పూసినా, జ్వరం వచ్చినా అదే రోజున ఆసుపత్రికి."

అభ్యాసం

1. 'ఎలర్జీ' అన్న ఒక్కమాట వాడుక వల్ల కలిగే ప్రమాదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. పరీక్షలో క్రియాటినిన్ అంకె సరిగా ఉన్నప్పటికీ వృద్ధుల మూత్రపిండాలు బలహీనంగా ఉండవచ్చు. ఎందువల్ల?
3. మెథోట్రెక్సేట్‌ను వారంలో ఒక్క రోజే ఎందుకు తీసుకోవాలి? రోజూ తీసుకొంటే ఏమవుతుంది?
4. ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన రెండు పదార్థాలు ఒకే రోగి మందుల పెట్టెలో ఎలా కలుసుకొంటాయి?
5. "వారానికి మూడు మాత్రలు" అన్న వాక్యాన్ని ఒకే అర్థం వచ్చేటట్లు రెండు విధాలుగా తిరగరాయండి.
6. విడదీసి సంధి పేరు తెలపండి: వలయాకారం, ఔషధోత్పత్తి, అత్యవసరం.
7. మీ ఇంట్లో గాని, పొరుగున గాని ఉన్న ఒక పెద్దవారి మందుల చీటీని వారి అనుమతితో తెలుగులో తిరగరాయండి. సందేహాలు ఎన్ని వచ్చినవో, వాటిని ఎవరిని అడిగి తీర్చుకొన్నారో పది వాక్యాలలో రాయండి.